విద్యార్థుల సంభాషణ, ప్రసంగ నైపుణ్యాలు: కడప జిల్లా నేపథ్యం

ఎదుటివారితో ముఖాముఖి మాట్లాడి భావాన్ని ఇచ్చిపుచ్చుకోవడంలోను, ఒక విషయాన్ని సిద్ధం చేసుకొని నలుగురి ముందు నిలబడి వివరించడంలోను విద్యార్థి సంపాదించుకొనే సామర్థ్యాలను సంభాషణ, ప్రసంగ నైపుణ్యాలు అంటారు. మొదటిది ఇద్దరు ముగ్గురి మధ్య నడిచే వ్యక్త్యంతర భావప్రసారం. రెండవది తరగతి సెమినారు, ప్రాజెక్టు నివేదన, వక్తృత్వ పోటీ వంటి సందర్భాలలో ఒకరు పలువురికి చేసే విషయ నివేదన, అంటే కళాశాలల వాడుకలో ప్రజెంటేషన్. ఆంధ్రప్రదేశ్‌లోని కడప జిల్లాలో పెండ్లిమర్రి, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలకు ఈ విషయంలో రెండు ప్రత్యేకతలు ఉన్నాయి. సభలో నిలబడి మాట్లాడడాన్ని విద్యగా సాధన చేసిన అవధాన, నాటక సంప్రదాయాలు ఇక్కడ బలంగా వేళ్లూనుకోవడం ఒకటి. ఉన్నత విద్య కోసం ఈ ప్రాంతంలో వెలసిన సంస్థలలో చేరే గ్రామీణ విద్యార్థులు తెలుగు నుంచి ఆంగ్లానికి ఒక్కసారిగా మారవలసి రావడం రెండవది.

పరిధి, పదాల వివరణ

భావప్రసారంలో పంపేవారు, సందేశం, అది చేరే మార్గం, అందుకొనేవారు, అందిన తరువాత తిరిగివచ్చే ప్రతిస్పందన అనే అంగాలు ఉంటాయి. సందేశం చెడకుండా చేరడానికి అడ్డుపడే దేనినైనా శాస్త్ర పరిభాషలో ‘రొద’ అంటారు. తరగతి గదిలో తిరిగే ఫ్యాను చప్పుడు భౌతికమైన రొద. విద్యార్థికి తెలియని పారిభాషిక పదం భాషాపరమైన రొద. అందరూ నవ్వుతారేమోనన్న బెదురు మానసికమైన రొద. క్లాడ్ షానన్ 1948లో టెలిఫోను వంటి యంత్ర వ్యవస్థల కోసం రూపొందించిన గణిత నమూనా నుంచి ఈ పదజాలం విస్తరించింది. డేవిడ్ బెర్లో 1960లో పంపేవారి, అందుకొనేవారి జ్ఞానాన్ని, వైఖరిని, సామాజిక నేపథ్యాన్ని కూడా నమూనాలో చేర్చగా, డీన్ బార్న్‌లండ్ 1970లో ఇద్దరూ ఏకకాలంలో పంపుతూ అందుకొంటూ ఉంటారని ప్రతిపాదించాడు. బోధకుడి ముఖం చూసి విద్యార్థి తన వాక్యాన్ని మధ్యలోనే మార్చుకోవడాన్ని మూడవ నమూనా మాత్రమే సరిగా వివరించగలదు.

ధారాళంగా మాట్లాడడం, ఆంగ్లంలో మాట్లాడడం అనే రెండింటిని సంభాషణా నైపుణ్యంతో సమానంగా చూడడం ఈ ప్రాంతపు కళాశాలలలో తరచుగా కనిపించే పొరపాటు. ఆంగ్లం మార్గాలలో ఒకటి. ధారాళత లక్షణాలలో ఒకటి. వినడం, అడగడం, ఎదుటివారి స్థాయిని పసిగట్టడం, వాదనను క్రమంలో పెట్టడం, అడ్డంకి ఎదురైనా తిరిగి దారిలోకి రావడం అనే మిగిలిన అంశాలు ఏ భాషలోనైనా నేర్వదగినవి, ఒక భాషలో నేర్చినవి మరొక భాషకు చాలావరకు తరలివచ్చేవి.

చరిత్ర: మౌఖిక సంప్రదాయాలు
(చూడు: అవధానం, సురభి నాటక సమాజం, హరికథ)

ప్రాచీన గ్రీసులో అరిస్టాటిల్ వక్త విశ్వసనీయత, శ్రోతల భావోద్వేగం, వాదనలోని తర్కం అనే మూడింటిని ఒప్పించే సాధనాలుగా విభజించాడు. భారతీయ సంప్రదాయంలో భరతుని నాట్యశాస్త్రం అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగు విధాలుగా చెప్పింది. దేహం, మాట, వేషధారణ, లోపలి భావస్థితి అనే ఈ విభజన నేటి ప్రసంగ శిక్షణలోని అంశాలకు దాదాపు సరిపోతుంది.

తెలుగునాట మౌఖిక ప్రతిభను పరీక్షించే అత్యంత కఠినమైన రూపం అవధానం. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నించేవారు, సమస్యాపూరణం, దత్తపది, వర్ణన, నిషిద్ధాక్షరి వంటి వేర్వేరు నియమాలతో పద్యాలు కోరుతారు. అవధాని ఒక్కొక్కరికి ఒక్కొక్క పాదం చొప్పున ఆవృత్తులుగా చెప్పుకుంటూ పోయి, చివరకు అన్ని పద్యాలను వరుసగా జ్ఞాపకం నుంచి అప్పగించాలి. ఈ చివరి భాగానికి ధారణ అని పేరు. పృచ్ఛకులలో ఒకరు అప్రస్తుత ప్రసంగం నిర్వహిస్తారు. అవధాని ఒక పాదాన్ని మనసులో కూర్చుకుంటున్న క్షణంలోనే ఆయన సంబంధంలేని ప్రశ్న, చాలాసార్లు హాస్యంగానో కవ్వింపుగానో, సంధిస్తాడు. అవధాని విసుగు చూపకుండా చమత్కారంగా బదులు చెప్పి, తెగిన దగ్గరి నుంచే పద్యాన్ని అందుకోవాలి. ప్రాజెక్టు వైవాలో పరీక్షకుడు మధ్యలో అడ్డుతగిలినప్పుడు విద్యార్థి చేయవలసిన పని కూడా ఇదే కాబట్టి, అవధానాన్ని సాహిత్య విన్యాసంగా మాత్రమే కాక ప్రశ్నోత్తర నిర్వహణకు నమూనాగా కూడా అధ్యయనం చేయవచ్చు; పాఠ్యప్రణాళికలు ఆ దిశగా పెద్దగా ఆలోచించలేదు.

అవధానాన్ని తెలుగు దేశమంతటా ప్రజాదరణ పొందే సభారంజక విద్యగా మలచినవారు తిరుపతి వేంకట కవులు. కడప జిల్లాలో ఆ ఒరవడిని కొనసాగించినవారిలో జమ్మలమడుగులో 1888లో జన్మించిన దుర్భాక రాజశేఖర శతావధాని, జమ్మలమడుగు ప్రాంతంలోనే పుట్టిన గడియారం వేంకట శేషశాస్త్రి ముఖ్యులు. వీరిద్దరూ ప్రొద్దుటూరు కేంద్రంగా జంటకవులుగా అవధానాలు చేశారు. రాణాప్రతాపసింహ చరిత్ర దుర్భాక వారి కావ్యం కాగా, శివభారతం గడియారం వారి కావ్యం. తరువాతి తరాలలో సి.వి. సుబ్బన్న శతావధాని, నరాల రామారెడ్డి వంటివారు ప్రొద్దుటూరు పేరును అవధాన రంగంలో నిలిపారు. పుట్టపర్తి నారాయణాచార్యులు (1914–1990) అధ్యాపకునిగా ప్రొద్దుటూరులో గడిపిన కాలంలోనే శివతాండవం రచించారు. చదివినదానికంటె వినిపించినప్పుడు బలం ఎక్కువగా తెలిసే గేయకావ్యంగా అది ప్రసిద్ధి పొందింది.

రెండవ ధార నాటకం. పులివెందులకు తూర్పు దిక్కున, నేటి చక్రాయపేట మండలంలోని సురభి గ్రామంలో 1885లో ఒక వివాహ సందర్భంగా కీచకవధ నాటకం ప్రదర్శించారు; తోలుబొమ్మలాట ఆడే కుటుంబాలకు చెందిన వనారస గోవిందరావు నాయకత్వంలో ఆ ప్రదర్శనతో మొదలైన సమాజానికి ఊరి పేరే స్థిరపడింది. బొమ్మల వెనుక నుంచి గొంతు వినిపించినవారు తెరముందుకు తామే రావడం ఈ మార్పులోని సారాంశం. సురభి కుటుంబాలలో పసిపిల్లలు కూడా చిన్నచిన్న పాత్రలతో రంగస్థలం మీదకు వచ్చేవారు. వేదిక, జనం, దీపాలు పిల్లలకు ఇంటి వాతావరణంలో భాగం కావడంతో సభాభయం ఏర్పడడానికి ముందే దానికి విరుగుడు దొరికేది. పెద్దలు పాత్రలు వేస్తుండగా తెరచాటు నుంచి వందలసార్లు విని సంభాషణలు కంఠస్థం చేసుకోవడం, అవసరమైనప్పుడు మరొకరి పాత్రను అప్పటికప్పుడు అందుకోవడం అక్కడి శిక్షణ. పాఠశాల వార్షికోత్సవంలో మొదటిసారి మైకు పట్టుకొనే విద్యార్థికి లేనిది ఈ పునరావృత అనుభవమే.

హరికథ, భజన బృందాలు, ఊరి రచ్చబండ మీది పంచాయితీ కూడా వాక్చాతుర్యానికి వేదికలుగా ఉండేవి. అయితే ఈ సంప్రదాయాలు చాలావరకు కుల, లింగ పరిమితులలో నడిచినవే. అవధానంలో పండిత కుటుంబాల పురుషులదే చాలాకాలం ప్రాబల్యం, పంచాయితీలో మహిళలకు మాట దక్కేది కాదు. అందరికీ సభలో నిలబడే అవకాశం ఇచ్చింది ప్రభుత్వ పాఠశాల.

పాఠశాల, కళాశాల వ్యవస్థలో స్థానం
(చూడు: బాలసభ, రాజీవ్ గాంధీ వైజ్ఞానిక, సాంకేతిక విశ్వవిద్యాలయం)

పాఠశాలలో విద్యార్థి నలుగురిలో గొంతెత్తే మొదటి సందర్భం సాధారణంగా ఉదయపు ప్రార్థన సమావేశం. దినపత్రిక ముఖ్యాంశాలు చదవడం, సూక్తి చెప్పడం, ప్రతిజ్ఞ చేయించడం అక్కడ విద్యార్థుల పనులు. దేశమంతటా పాఠశాలల్లో చేసే ఆ ప్రతిజ్ఞను 1962లో తెలుగులో రాసినవారు నల్లగొండ జిల్లాకు చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు. వారానికొకసారి జరిగే బాలసభ, ఆగస్టు 15, జనవరి 26 సందర్భంగా పెట్టే వక్తృత్వ పోటీలు తరువాతి మెట్లు. వక్తృత్వ పోటీలలో ఉపాధ్యాయులు రాసిచ్చిన ప్రసంగాన్ని బట్టీపట్టి ఒప్పజెప్పడం పరిపాటి కావడంతో, గొంతు పెరుగుతుంది గాని ఆలోచించి మాట్లాడే అలవాటు రాదన్న విమర్శ పాతదే. 2011 రాష్ట్ర పాఠ్యప్రణాళిక చట్రం తరువాత వచ్చిన తెలుగు వాచకాలు విని ఆలోచించి మాట్లాడడానికి ప్రత్యేక అభ్యాసాలు చేర్చడం, నిరంతర సమగ్ర మూల్యాంకనంలో తరగతి భాగస్వామ్యానికి, ప్రాజెక్టు పనికి మార్కులు కేటాయించడం ఈ లోపాన్ని సరిదిద్దే ప్రయత్నాలు.

కేంద్ర పార్లమెంటరీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ 1960ల నుంచి నిర్వహిస్తున్న యువ పార్లమెంటు పోటీలు, 1993 నుంచి జరుగుతున్న జాతీయ బాలల సైన్సు కాంగ్రెస్ పాఠశాల స్థాయిలో వాదన, నివేదన రెండింటికీ అవకాశం ఇస్తాయి. సైన్సు కాంగ్రెస్‌లో పిల్లలు స్థానిక సమస్యను స్వయంగా పరిశీలించి, చార్టులతో న్యాయనిర్ణేతల ముందు వివరించవలసి ఉంటుంది కాబట్టి బట్టీ పని ఎక్కువ దూరం నడవదు.

ఉన్నత విద్యలో ఈ ప్రాంతపు ప్రధాన సంస్థలు ఎక్కువగా 2000ల దశాబ్దిలో వచ్చాయి. కడపలో 1977 నుంచి ఉన్న శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ స్నాతకోత్తర కేంద్రం 2006లో యోగి వేమన విశ్వవిద్యాలయంగా మారింది. దాని ఇంజనీరింగు కళాశాల ప్రొద్దుటూరులో ఉంది. పులివెందులలో జెఎన్‌టియు ఇంజనీరింగు కళాశాల 2006లో మొదలైంది. 2008 నాటి చట్టంతో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక, సాంకేతిక విశ్వవిద్యాలయానికి చెందిన మూడు తొలి ప్రాంగణాలలో ఒకటి వేంపల్లె మండలం ఇడుపులపాయలో ఉంది; దానినే జనం ట్రిపుల్ ఐటీ అంటారు. పదవ తరగతి కాగానే, ముఖ్యంగా గ్రామీణ ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులను తీసుకొని, రెండేళ్ల ప్రి–యూనివర్సిటీ, నాలుగేళ్ల బీటెక్ కలిపి ఆరేళ్లపాటు ఆవాస విద్య అందించడం దీని విధానం.

ఇడుపులపాయ వంటి ప్రాంగణం సంభాషణా నైపుణ్యాల దృష్ట్యా గమనించదగిన సందర్భం. పదిహేను, పదహారేళ్ల వయసులో ఇల్లు వదిలి వచ్చిన పిల్లలు వేర్వేరు జిల్లాల మాండలికాలతో ఒకే గదిలో కలిసి ఉండవలసి రావడం, అంతవరకు తెలుగులో చదివిన గణితం, భౌతికశాస్త్రం ఒక్కసారిగా ఆంగ్లంలోకి మారడం ఒకేసారి జరుగుతాయి. గది సహచరులతో సర్దుబాటు, మెస్ గురించి నిర్వాహకులకు ఫిర్యాదు చెప్పుకోవడం, పై తరగతుల అన్నలను, అక్కలను పాఠం అడగడం వంటి వ్యక్త్యంతర నైపుణ్యాలు ఇక్కడ పాఠం లేకుండానే అలవడతాయి. తరగతిలో లేచి ప్రశ్న అడగడం మాత్రం ఆలస్యమవుతుంది. తెలిసిన విషయమే అయినా ఆంగ్ల వాక్యం మనసులో కుదిరేలోగా పాఠం ముందుకు వెళ్లిపోవడం దీనికి సాధారణ కారణం. ఈ మౌనాన్ని అజ్ఞానంగా లెక్కగట్టడం బోధకులు చేయగల తప్పులలో పెద్దది.

ఇంజనీరింగు పాఠ్యప్రణాళికలలో ఆంగ్ల భాషా ప్రయోగశాల, దానికి కొనసాగింపుగా ఉన్నత స్థాయి భావప్రసార ప్రయోగశాల చేరాయి. డిగ్రీ కోర్సులలో 2015–16 నుంచి అమలైన ఐచ్ఛికాధార విధానంలో సంభాషణా నైపుణ్యాలు పునాది పాఠ్యాంశంగా వచ్చాయి. 2000ల దశాబ్ది మధ్యలో మొదలైన జవహర్ నాలెడ్జ్ సెంటర్లు, 2014లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ నైపుణ్యాభివృద్ధి సంస్థ ఉద్యోగ ఎంపికలను దృష్టిలో ఉంచుకొని శిక్షణ ఇస్తూ వచ్చాయి. పాఠశాల స్థాయిలో 2023లో ప్రభుత్వం పరీక్షలు నిర్వహించే ఈటీఎస్ సంస్థతో చేసుకొన్న టోఫెల్ (ఆంగ్ల ప్రావీణ్య పరీక్ష) ఒప్పందం ఆంగ్ల శ్రవణానికి, పఠనానికి, సంభాషణకు ఉద్దేశించినది. 2024లో ప్రభుత్వం మారాక అది కొనసాగలేదు.

రకాలు

విద్యార్థి జీవితంలో ఎదురయ్యే సందర్భాలను పాల్గొనేవారి సంఖ్యను బట్టి, ముందస్తు తయారీని బట్టి వేరు చేయవచ్చు. ఇద్దరి మధ్య జరిగేవాటిలో బోధకునితో సందేహ నివృత్తి, ఇంటర్వ్యూ, వైవా వస్తాయి. వైవా అంటే రాసిన పని మీద మౌఖిక పరీక్ష. చిన్న బృందంలో జరిగేవాటిలో బృంద చర్చ ముఖ్యమైనది. సాధారణంగా ఎనిమిది నుంచి పన్నెండు మంది మధ్య ఒక అంశం ఇచ్చి, ఎవరు ఎప్పుడు మాట్లాడాలో నిర్దేశించకుండా వదిలివేసి, పరిశీలకులు పక్కనుంచి గమనిస్తారు. ముందు మాట్లాడినవారికే మార్కులన్న నమ్మకంతో అందరూ ఒకేసారి గొంతు పెంచడం ఇక్కడ తరచుగా జరుగుతుంది; ఇతరులు చెప్పినదాన్ని అందుకొని పొడిగించినవారిని, మాట దక్కనివారికి సందు ఇచ్చినవారిని అనుభవజ్ఞులైన పరిశీలకులు మెరుగ్గా అంచనా వేస్తారు. పెద్ద సమూహం ముందు చేసేవాటిలో సెమినారు, ప్రాజెక్టు నివేదన, వక్తృత్వం, పోస్టరు వివరణ ఉన్నాయి. సిద్ధం కాకుండా చేసేదానికి ఒక నిమిషం ఆశుప్రసంగం ఉదాహరణ.

పనితీరు

వినడం. కార్ల్ రోజర్స్, రిచర్డ్ ఫార్సన్ 1957లో ప్రచారంలోకి తెచ్చిన చురుకైన శ్రవణం అనే భావన ప్రకారం వినడం ఊరకే చెవి ఒగ్గడం కాదు. ఎదుటివారు చెప్పినదాన్ని తన మాటల్లో తిరిగి చెప్పి సరిచూసుకోవడం, మాటతోపాటు దాని వెనుక ఉన్న భావాన్ని గుర్తించడం, తీర్పు చెప్పడానికి తొందరపడకపోవడం అందులోని అంశాలు. తరగతిలో దీనికి సులువైన సాధన ఉంది: చర్చలో ప్రతి విద్యార్థి తన అభిప్రాయం చెప్పేముందు అంతకుముందు మాట్లాడినవారి వాదనను ఆ వ్యక్తి ఒప్పుకొనేలా రెండు వాక్యాలలో చెప్పాలన్న నియమం పెట్టడం.

విషయ నిర్మాణం. సెమినారులు చెడడానికి భయం కంటె నిర్మాణ లోపమే ఎక్కువ కారణం. ఉదాహరణకు పులివెందుల ప్రాంతపు చీనీ (బత్తాయి) తోటలలో బిందుసేద్యం అనే అంశం తీసుకొన్న డిగ్రీ విద్యార్థి బిందుసేద్యం నిర్వచనం, చరిత్ర, రకాలు, లాభాలు, నష్టాలు అని పాఠ్యపుస్తక క్రమంలో పదిహేను స్లైడ్లు చేస్తే, కేటాయించిన పది నిమిషాలలో చీనీ తోట దాకా రాకుండానే గంట కొడతారు. అదే విద్యార్థి బోరు ఎండిపోతున్న తోటలో డ్రిప్పు వేసినా చెట్లు ఎందుకు వాడుతున్నాయి అన్న ఒకే ప్రశ్నతో మొదలుపెట్టి, కాయ ఊరే దశలో నీటి అవసరం, పైపుల చివర ఒత్తిడి తగ్గడం, ఉప్పు పేరుకొని డ్రిప్పర్లు మూసుకుపోవడం అనే మూడు కారణాలను ఒక తోటలో తీసిన ఫొటోలతో చూపితే, శ్రోతలకు దిశ తెలుస్తుంది, వక్తకు మరిచిపోయే భయం తగ్గుతుంది. ప్రసంగం మొత్తం ఒక ప్రశ్నకు జవాబుగా ఉండాలన్నది ఇక్కడి సూత్రం. మిగిలిన సమాచారం శ్రోతలు అడిగినప్పటి కోసం దాచుకోవలసినది.

దృశ్య సహాయకాలు. 1987లో విడుదలైన పవర్‌పాయింట్ తరగతి గదిలో నల్లబల్ల స్థానాన్ని కొంత ఆక్రమించింది. తెర మీద ఉన్న వాక్యాలనే వక్త బిగ్గరగా చదివితే గ్రహణం మెరుగుపడదని, పైగా తగ్గుతుందని రిచర్డ్ మేయర్ బహుమాధ్యమ అభ్యసన పరిశోధనలు చూపాయి. కన్ను, చెవి ఒకే పదాల కోసం పోటీపడడం దానికి కారణం. అందువల్ల తెర మీద బొమ్మ, పట్టిక, కీలక పదం ఉంచి వాక్యాన్ని నోటికి వదలడం మంచిది. కరెంటు పోయే ఊళ్లలో చాక్‌పీసుతో అదే విషయాన్ని చెప్పగలగడం అదనపు అర్హత కాదు, అవసరం.

దేహభాష. మాట్లాడేవారి ప్రభావంలో మాటల వాటా 7 శాతమే, గొంతు 38 శాతం, ముఖకవళిక 55 శాతం అని శిక్షణ తరగతులలో విరివిగా చెబుతారు. ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967లో చేసిన ప్రయోగాలు ఒక్కొక్క పదాన్ని వేర్వేరు స్వరాలతో, ముఖకవళికలతో జోడించినప్పుడు ఇష్టాయిష్టాలు ఎలా అర్థమవుతాయో పరిశీలించినవి మాత్రమే. భావోద్వేగ సందర్భాలకు తప్ప సాధారణ భావప్రసారానికి ఆ లెక్క వర్తించదని ఆయనే స్పష్టం చేశాడు. దూరం విషయంలో ఎడ్వర్డ్ హాల్ 1966లో చేసిన విభజన ప్రకారం సుమారు 1.2 మీటర్ల లోపు వ్యక్తిగత పరిధి, అక్కడి నుంచి 3.6 మీటర్ల వరకు సామాజిక పరిధి, ఆపైది సభా పరిధి. ఈ కొలతలు అమెరికా సమాజంలో తీసినవి కాబట్టి కిక్కిరిసిన బస్సులో రోజూ కళాశాలకు వచ్చే విద్యార్థికి యథాతథంగా సరిపోవు.

సభాభయం. నలుగురి ముందు మాట్లాడాలంటే గుండె దడ, నోరు ఎండిపోవడం, చేతుల వణుకు కలగడం సాధారణం. జేమ్స్ మెక్‌క్రాస్కీ 1970లో భావప్రసార భీతి అనే భావనను నిర్వచించి, తరువాత బృంద చర్చ, సమావేశం, ఇద్దరి సంభాషణ, బహిరంగ ప్రసంగం అనే నాలుగు సందర్భాలకు ఆరేసి చొప్పున 24 వాక్యాల కొలమానం రూపొందించాడు. మార్కులు 24 నుంచి 120 వరకు ఉంటాయి. ఒకే వ్యక్తి ఒక సందర్భంలో నిబ్బరంగా, మరొక సందర్భంలో బెదురుగా ఉండవచ్చని దీనివల్ల తెలుస్తుంది. మాట మొదలయ్యే క్షణాలలో ఎక్కువగా ఉండే ఆందోళన క్రమేణా తగ్గుతుంది కాబట్టి తొలి రెండు వాక్యాలను మాత్రం కంఠస్థం చేసుకోవడం ఉపకరిస్తుంది. తమ కంగారు శ్రోతలకు కనబడిపోతోందని వక్తలు అనుకొన్నంతగా అది కనబడదని సావిట్‌స్కీ, గిలోవిచ్ 2003లో చూపారు. ఆ సంగతి ముందుగా చెప్పినప్పుడు విద్యార్థులు మెరుగ్గా మాట్లాడారు కూడా.

ప్రశ్నల నిర్వహణ. ప్రశ్నను పూర్తిగా వినడం, గది వెనుకవరకు వినబడేలా తిరిగి చెప్పడం, తెలిసినంత మేరకు క్లుప్తంగా జవాబివ్వడం, తెలియకపోతే తెలియదని చెప్పి ఎక్కడ వెదకవచ్చో సూచించడం ఇందులోని క్రమం. వైవాలో ‘నాకు తెలియదు సార్’ అన్నవారి కంటె తెలియనిదాన్ని చుట్టుతిప్పి చెప్పినవారే ఎక్కువ మార్కులు పోగొట్టుకొంటారు.

మాండలికం, మర్యాద రూపాలు
(చూడు: రాయలసీమ మాండలికం)

భద్రిరాజు కృష్ణమూర్తి ఆధ్వర్యంలో జరిగిన మాండలిక వృత్తి పదకోశాల పరిశోధన తెలుగును నాలుగు మాండలిక మండలాలుగా విభజించింది. కడప జిల్లా దక్షిణ మండలంలోకి వస్తుంది. ‘యాడికి పోతాండావు’, ‘చెప్పినాడు’, ‘ఉండాది’ వంటి రూపాలు ఇక్కడి నిత్యవ్యవహారం. ఈ మాండలికాన్ని సాహిత్య భాషగా నిలబెట్టినవారిలో కమలాపురం ప్రాంతపు రంగశాయిపురంలో పుట్టిన కేతు విశ్వనాథరెడ్డి ఒకరు.

కోస్తా జిల్లాల సంభాషణలో క్రియ చివర ‘అండి’ చేర్చడం మర్యాదకు గుర్తు. కడప జిల్లా పల్లెలలో ఆ ప్రత్యయం తక్కువ. ‘అన్నా’, ‘మామా’, ‘సామీ’, ‘అక్కా’ అన్న పిలుపే గౌరవాన్ని మోస్తుంది, క్రియ ఏకవచనంలోనే ఉంటుంది. ‘చెప్పన్నా’, ‘కూర్చో సామీ’ అనడంలో ఇక్కడి చెవికి ఏ లోటూ వినబడదు. అదే అలవాటుతో విద్యార్థి విజయవాడలోనో హైదరాబాదులోనో ఇంటర్వ్యూలో ‘చెప్పు సార్’ అంటే వినేవారికి అది పెడసరంగా తోచవచ్చు. అలాగే పెద్దల ముందు తల కాస్త వంచి, చూపు దించి మాట్లాడడం పల్లెలో వినయం. ఎంపిక చేసేవారు దాన్ని ఆత్మవిశ్వాస లోపంగా నమోదు చేస్తారు. శిక్షకులు ఈ తేడాను విద్యార్థి తప్పుగా కాక సందర్భ భేదంగా వివరించినప్పుడు, ఇంట్లో ఒక రూపం, వేదిక మీద మరొక రూపం వాడుకొనే వెసులుబాటు అతనికి కలుగుతుంది. యాస మార్చుకొమ్మని పదేపదే చెప్పడంవల్ల యాస మారకపోగా నోరు మూతపడుతుంది.

సాధన పద్ధతులు

అమెరికాలో రాల్ఫ్ స్మెడ్లీ 1924లో స్థాపించిన టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బుల విధానం ప్రపంచమంతటా అనుసరణ పొందింది. సిద్ధం చేసుకొన్న ప్రసంగం, అప్పటికప్పుడు ఇచ్చిన అంశం మీద ఒకటి రెండు నిమిషాల మాట, ప్రతి వక్తకు ఒక సభ్యుని సమీక్ష అనే మూడు భాగాలతోపాటు, సమయం చూసేవారు, ‘ఆఁ’, ‘అదే’ వంటి ఊతపదాలను లెక్కపెట్టేవారు అందులో ఉంటారు. ఖర్చు లేనిది కాబట్టి ఇదే పద్ధతిని డిగ్రీ కళాశాలలో చెట్టుకింద పదిమంది కలిసి నడుపుకోవచ్చు. సమీక్షలో ‘బాగుంది’ అనడం పనికిరాదు. ఏ వాక్యం దగ్గర శ్రోత దారి తప్పాడో చెప్పినప్పుడే వక్త దిద్దుకోగలడు.

ఫోనులో తన ప్రసంగాన్ని తీసి చూసుకోవడం, అంశం తెలియని ఇంటివారికి తెలుగులో వివరించి ఆ తరువాత ఆంగ్లంలో చెప్పడం, 1963లో మొదలైన ఆకాశవాణి కడప కేంద్రం వంటివి ప్రసారం చేసే వార్తలను బిగ్గరగా అనుకరించడం ఇతర మార్గాలు. ఆంగ్ల ప్రసంగానికి నిమిషానికి 120 నుంచి 150 పదాల వేగం సూచిస్తారు. ప్రత్యయాలు కలిసి పదం పొడుగయ్యే తెలుగుకు ఆ లెక్క పనికిరాదు, విరామాల కొలతే నమ్మదగినది.

మూల్యాంకనం

సెమినారు మార్కులను విషయం, క్రమం, భాష, నివేదన, ప్రశ్నలకు జవాబులు అనే శీర్షికల కింద విడగొట్టి ఇవ్వడం సాధారణ విధానం. శీర్షికలు ముందుగా విద్యార్థులకు తెలియకపోతే ఆ మార్కులు పరీక్షకుని ఇష్టానికి వదిలినట్లే అవుతాయి. భాషకు, ఉచ్చారణకు వేర్వేరుగా మార్కులు కేటాయించినచోట విషయం బాగా తెలిసిన తెలుగు మాధ్యమ విద్యార్థి రెండుసార్లు నష్టపోతాడు.

ప్రాముఖ్యం, వివాదాంశాలు

ఉద్యోగ ఎంపికలలో రాత పరీక్ష తరువాత బృంద చర్చ, సాంకేతిక, మానవ వనరుల ఇంటర్వ్యూలు ఉండడంతో ఈ నైపుణ్యాలకు నేరుగా ఆర్థిక విలువ ఏర్పడింది. దానివల్లనే శిక్షణ చాలావరకు చివరి సంవత్సరానికి, ఉద్యోగ నియామకాల ముందు వారాలకు కుదించుకుపోయింది. అలవాటుగా మారవలసినదాన్ని అంత తక్కువ కాలంలో నేర్పడం సాధ్యం కాదన్నది బోధకుల సాధారణ అభిప్రాయం.

బోధనా మాధ్యమం ప్రధాన వివాదం. ప్రభుత్వ పాఠశాలల్లో ఆంగ్ల మాధ్యమాన్ని తప్పనిసరి చేస్తూ 2019 నవంబరులో వెలువడిన ఉత్తర్వులను హైకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టివేసింది. చిన్నప్పటి నుంచి ఆంగ్లం వింటేనే ఇడుపులపాయ స్థాయిలో ఎదురయ్యే మౌనం తొలగుతుందని ఒక పక్షం, ఆలోచన కుదురుకోని భాషలో మాట్లాడమంటే బట్టీయే పెరుగుతుందని మరొక పక్షం వాదిస్తాయి. తరగతిలో మొదట తెలుగులో చర్చించి, అదే విషయాన్ని ఆంగ్లంలో నివేదించే ద్విభాషా పద్ధతి రెండింటికీ మధ్యేమార్గం. పరీక్షలు ఒకే భాషలో జరుగుతున్నంతకాలం దానికి సమయం కేటాయించే అధ్యాపకులు తక్కువగానే ఉంటారు. బాలికల విషయం దీనికి భిన్నమైనది. వక్తృత్వ పోటీలలో పాఠశాల స్థాయిలో ముందుండే బాలికలు కళాశాల బృంద చర్చలలో వెనుకబడడం కనిపిస్తుంది. గట్టిగా మాట్లాడే ఆడపిల్లను ఇల్లు, ఊరు చూసే చూపే దీనికి కారణమన్నది అధ్యాపకుల పరిశీలన. దానిని భాషా ప్రయోగశాలలోని హెడ్‌ఫోన్లు సరిచేయలేవు.